బేరింగ్‌కు రెట్టింపు ధర పెట్టాలా?

ప్రశ్న: మాది ఉక్కు బాడీ బోటు, ఉప్పునీళ్లలో తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బేరింగ్ మూడేళ్లకే అరిగిపోయింది. ఈసారి తుప్పు పట్టని కాంపోజిట్ షెల్ (లోహం కాని, నారలు, రెసిన్ కలిపి చేసిన బయటి గొట్టం) బేరింగ్ వేయమని మెకానిక్ అంటున్నాడు. ఇత్తడిదానికి అది రెట్టింపు ధర. ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవాలా? లేక ఇత్తడిదే వేసి, మిగిలిన డబ్బు దాచుకోవాలా?

జవాబు: ఆ రెట్టింపు డబ్బుతో మీరేం కొంటున్నారో ముందు చూద్దాం. రెండు రకాల్లోనూ షాఫ్ట్‌కు తగిలి అరిగేది లోపలి రబ్బరే. దాని గాడుల్లోంచి పారే నీళ్లే కందెన. కాబట్టి షెల్ మారినంత మాత్రాన రబ్బరు ఎక్కువ కాలం వస్తుందని లెక్క వేసుకోవద్దు. 'రెట్టింపు ధర, రెట్టింపు ఆయుష్షు' అని ఎవరైనా అమ్మజూపితే నేనైతే నమ్మను.

అయినా మీ విషయంలో మెకానిక్ చెప్పిందే సరైనది. ఉప్పునీళ్లలో ఇత్తడి, ఉక్కు ఆనుకుని ఉంటే బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో తినుకుపోయేది ఉక్కు, అంటే బేరింగ్ కూర్చునే మీ స్టర్న్ ట్యూబ్. ఇత్తడికీ ఉప్పునీళ్ల బాధ తప్పదు. పాత బేరింగ్ బయటికి తీశాక గీకి చూడండి. పసుపు బదులు గులాబీ ఎరుపు కనిపిస్తే అందులోని జింక్ పోయిందన్నమాట. మీది ఫైబర్ బోటయితే ఇత్తడి చాలు, డబ్బు మిగుల్చుకోండి అనేవాణ్ని.

ఇక లెక్క. ఇత్తడి బేరింగ్ ధర 1 అనుకోండి. బోటు ఒడ్డెక్కించడం, ప్రొపెల్లర్ విప్పడం, కూలీ, పని ఆగిన రోజుల నష్టం కలిపి 4 అనుకుందాం. ఇత్తడితో మొత్తం 5, కాంపోజిట్‌తో 6. రెట్టింపు అని భయపెట్టినది చివరికి 20 శాతం తేడా! మీ బిల్లులోని అంకెలు పెట్టి మళ్లీ చూసుకోండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ 'మూడేళ్లకే' అన్న మాట. రబ్బరు ఒకవైపే అరిగిందా, చుట్టూ సమానంగానా? ఒకవైపే అయితే ఇంజిన్, షాఫ్ట్ అలైన్‌మెంట్ తప్పి ఉండొచ్చు. అది సరిచేయకుండా ఏ బేరింగ్ వేసినా డబ్బు అక్షరాలా నీళ్లపాలే. సమానంగా అరిగితే ఇసుక, బురద నీళ్లను అనుమానించండి.

ఈసారికి ఎమర్జెన్సీ ఫండ్‌లోంచే తీయండి, అప్పు వద్దు. ఇన్సూరెన్స్ ఇస్తుందన్న ఆశా వద్దు; మామూలు అరుగుదల, తుప్పు సాధారణంగా పాలసీలో ఉండవు. తీసిన సొమ్ము తిరిగి నింపాక, మొత్తం బిల్లును మూడేళ్ల లెక్కన 36తో భాగించి నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఆదాయం సీజన్‌లోనే వస్తే ఆ నెలలకే పంచుకోండి. తామే తినుకుపోతూ మిగతా లోహాన్ని కాపాడే జింక్ దిమ్మలకూ అందులోనే చోటివ్వాలి. కాంపోజిట్ వేసినా షాఫ్ట్, ప్రొపెల్లర్ లోహాలే కాబట్టి దిమ్మలు తప్పవు, సగం అరగగానే మార్చాలి. బోటు ఎలాగూ ఒడ్డెక్కుతోంది గనక దిమ్మలు, అడుగు రంగు పని ఇప్పుడే కానిచ్చేయండి, మళ్లీ ఒడ్డెక్కించే ఖర్చు తప్పుతుంది.