ఓడ ఆలస్యమైతే సరుకులు ముందే అయిపోతున్నాయి: సమాధానం

సరుకులు తెచ్చే ఓడ ఆలస్యమైనప్పుడు, రెండు వారాలకని ఇంట్లో దాచినవి ఎనిమిదో రోజుకే అయిపోయాయన్నారు కదా, మీరు లెక్క వేసిన రోజే తప్పు. ఓడ వచ్చిన మర్నాడు నిండు అల్మరా చూసి లెక్కేసుకున్నారు. తుపాను మాత్రం ఓడ రావాల్సిన ముందురోజే రావచ్చు.

1. ఓడ వచ్చే ముందురోజు సాయంత్రం అల్మరా తెరవండి. అప్పటికి మిగిలిందే అసలు నిల్వ. దాదాపు అందరూ వదిలేసేది ఇదే.
2. ఆ రోజుకి కూడా 14 రోజులవి మిగిలేలా ప్రతి ఓడకీ కాస్త ఎక్కువ కొనండి. ఒక్కసారే ఊడ్చేస్తే పక్కింటివాళ్లకి మిగలవు.
3. మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్లు. కరెంటు పోతే మోటారు ఆడదు, డ్రమ్ములు ముందే నింపాలి.
4. రోజూ వేసుకునే మందులకీ ఇదే లెక్క.

డబ్బాల మీద మార్కరుతో పేరు, తేదీ రాయండి. ఉప్పుగాలికి మా లేబుళ్లన్నీ ఊడిపోయాయి, తెరిస్తేగానీ ఏముందో తెలియలేదు!