ఈత అంతంతమాత్రమే, స్కూబా కోర్సు చేయొచ్చా? మైపాడులో నేర్పుతారా?

మీరు అడిగింది ఇదీ: మీది కావలి దగ్గర, ఈత ఏదో వచ్చంటే వచ్చు, స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకొని నీటి కింద ఈదడం, నేర్చుకోవాలని ఉంది, మైపాడులోనో కొత్తపట్నంలోనో ఎవరైనా నేర్పుతారా అని. పైగా మీ బావగారు రెండేళ్ల కిందట ఓపెన్ వాటర్ (స్కూబాలో మొదటి కోర్సు) కార్డు తెచ్చుకొని మళ్లీ నీళ్లలో దిగలేదు, ఆయన ఇప్పుడు నేరుగా దాని తర్వాతి కోర్సు అడ్వాన్స్‌డ్ చేయొచ్చా అని. నేను నెల్లూరు వాడినే, ఓపెన్ వాటర్‌తో మొదలుపెట్టి రెస్క్యూ (నీటిలో ఇంకొకరిని కాపాడే కోర్సు) దాకా చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మైపాడు సంగతి. మన తీరం స్కూబాకి పనికిరాదు. అడుగంతా ఇసుక, అలలు దాన్ని ఎప్పుడూ కలబెడుతూనే ఉంటాయి, పైగా పెన్నా, గుండ్లకమ్మ తెచ్చి పోసే ఒండ్రు. దిగితే చాచిన చెయ్యి సరిగా కనపడదు. సోమశిల డ్యామ్‌లో చేయొచ్చు కదా అని కూడా ఎవరో ఒకరు అడుగుతుంటారు, ఆ ఆలోచన పెట్టుకోకండి. కావలిలో పినాకిని ఎక్కి చెన్నైలో దిగి, అక్కడి నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద బస్సులో పాండిచ్చేరి పోవడం మనకు సులువు. విశాఖలో రుషికొండ వైపు కూడా డైవింగ్ ఉంది. సెలవూ డబ్బూ రెండూ కుదిరితే మాత్రం చెన్నై నుంచి విమానంలో అండమాన్ పోయి హావ్‌లాక్‌లో చేయండి, ఇప్పుడు దాన్ని స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపల పెట్టుకోండి. నీళ్లు తేటగా ఉంటే మొదటిసారి దిగేవాళ్లకి సగం భయం అక్కడే పోతుంది.

ఇంకో మాట, టూర్ ప్యాకేజీలో స్కూబా అని రాసేది చాలావరకు కోర్సు కాదు. దాన్ని డిస్కవర్ స్కూబా లాంటి పేర్లతో పిలుస్తారు, ఈత రాకపోయినా తీసుకెళతారు, 12 మీటర్లు దాటనివ్వరు, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని వదలకుండా పట్టుకొని తిప్పుకొస్తాడు, వీడియో తీసి ఇస్తాడు. తప్పేం లేదు, నీటి కింద ఊపిరి పీల్చడం మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. కానీ దానికి డైవర్ కార్డు రాదు. నేర్చుకోవాలంటే ఓపెన్ వాటర్ చేయాల్సిందే: థియరీ, స్విమ్మింగ్ పూల్ లాంటి చోట ప్రాక్టీసు, ఆ తర్వాత సముద్రంలో 4 డైవ్‌లు. కార్డు వచ్చాక తోడు డైవర్‌తో 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఈ కార్డులిచ్చే సంస్థల్లో పాడి (PADI) మంచిదా ఎస్ఎస్ఐ (SSI) మంచిదా అనే గొడవలోకి పోకండి, ఒకరి కార్డు ఇంకొకరి దగ్గర మామూలుగా చెల్లుతుంది. నేర్పే మనిషి ఎవరన్నదే ముఖ్యం.

ఈత విషయానికొస్తే, పాడి వాళ్లయితే 200 మీటర్లు ఆగకుండా ఈదమంటారు, ఏ ఈతైనా సరే, టైమ్ పెట్టరు. తర్వాత 10 నిమిషాలు తేలుతూ ఉండాలి. మీకు ఇది ఇప్పుడు రాదనుకుంటే రెండు నెలలు ఊళ్లోనే ఏదైనా పూల్‌కి పోయి రండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. మన వైపు చాలామంది నడుముకి బెండు కట్టుకొని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లే, వాళ్లు ఈజీగా పాసవుతారు, ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. బావి ఈతలో తల పైకెత్తి చేతులతో నీళ్లు బాదుతాం కదా, స్కూబాలో చేతులు అసలు కదపకూడదు, గుండెల మీద కట్టుకొని కాళ్లతో నెమ్మదిగా పోవాలి. మా బ్యాచ్‌లో రొయ్యల గుంటలు చేసే కుర్రాడొకడు ఉండేవాడు, ఈతలో మా అందరికంటే మొనగాడు, మాస్క్‌లోకి నీళ్లు వదలమనేసరికి బిగుసుకుపోయాడు. ఈత అంతగా రాని ఒక టీచరమ్మ మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసి ఏ ఇబ్బందీ లేకుండా పూర్తిచేసేసింది.

ఆ మాస్క్ పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టెన్షన్ అంతా దాని దగ్గరే. నీటి కింద మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మాస్క్ పై అంచు కొంచెం లాగి నీళ్లు లోపలికి రానివ్వమంటారు. ముక్కు దాకా నీళ్లు రాగానే నోట్లో గాలి ఉన్నా ఊపిరి ఆడనట్టే అనిపిస్తుంది. తల కొంచెం పైకెత్తి, మాస్క్ పై భాగం నుదుటికి అదిమిపట్టి, ముక్కుతో గట్టిగా వదిలితే నీళ్లన్నీ కింది నుంచి పోతాయి. బయలుదేరే ముందు ఇంట్లో ఒక టబ్బులో మొహం ముంచి, ముక్కుకి ఏమీ పెట్టుకోకుండా స్నార్కెల్ గొట్టంతో నోటితో మాత్రమే పీల్చడం అలవాటు చేసుకోండి, పక్కన ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

చెవులు ఇంకోటి. నీటి మీద నుంచి 10 మీటర్లు దిగేసరికే ఒత్తిడి రెట్టింపవుతుంది, అందుకే నొప్పి మొదటి కొన్ని మీటర్లలోనే ఎక్కువ. నొప్పి రాకముందే ముక్కు మూసి మెల్లగా ఊదుతూ దిగాలి, కుదరకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ చేయాలి. జలుబుంటే ఆ రోజు మానుకోండి, మాత్ర వేసుకొని దిగితే దాని ప్రభావం మధ్యలో తగ్గి పైకొచ్చేటప్పుడు అవస్థ. పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, ఇది మాత్రం ప్రాణం మీదికి వచ్చే విషయం. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే మెడికల్ ఫారంలో దాచకండి, డాక్టరు సంతకం తెచ్చుకోండి.

నీటి కింద మాట్లాడుకునేది చేతి సైగలతోనే. బొటనవేలు పైకి చూపిస్తే అక్కడ బాగుందని కాదు, పైకి పోదాం అని. కెమెరా కనపడగానే మనవాళ్లు అదే చూపిస్తారు, ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకొస్తాడు.

ఇక మీ బావగారి సంగతి. కార్డుకి గడువు లేదు గానీ రెండేళ్ల గ్యాప్ అంటే ముందు రిఫ్రెషర్, అంటే మర్చిపోయినవి మళ్లీ చేయించే చిన్న ప్రాక్టీసు, చేయాలి. అడ్వాన్స్‌డ్ అన్న పేరు చూసి అదేదో పెద్ద డైవర్ల కోర్సు అనుకుంటారు గానీ, అది 5 డైవ్‌లు మాత్రమే, డీప్ (లోతు), నావిగేషన్ (నీటి కింద దారి పట్టుకోవడం) తప్పనిసరి, మిగతా మూడూ మన ఇష్టం. ఓపెన్ వాటర్ అయిన మర్నాడే మొదలుపెట్టినా ఒప్పుకుంటారు. నేనైతే వద్దంటాను. 30 మీటర్లకి పోతే సిలిండర్‌లో గాలి పైనకంటే నాలుగు రెట్లు వేగంగా అయిపోతుంది, ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పాడి టేబుల్ ప్రకారం 18 మీటర్లలో 56 నిమిషాల దాకా ఉండొచ్చు గానీ 30 మీటర్లలో 20 నిమిషాలే. కాలవలో చేప నిలబడ్డట్టు ఒకచోట ఊపిరితోనే తేలుతూ ఉండలేని మనిషిని అంత లోతుకి తీసుకుపోయి ఏం లాభం? రిఫ్రెషర్ తర్వాత నాలుగైదు మామూలు డైవ్‌లు చేయమనండి, అడ్వాన్స్‌డ్‌లో అలా తేలడం నేర్పే బాయెన్సీ డైవ్ ఒకటి కోరి తీసుకోమనండి. ఆ తర్వాత రెస్క్యూ, దానికి సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ కూడా ఉండాలి. నేను చేసినవాటిలో పెట్టిన డబ్బుకి నిజంగా పనికొచ్చిన కోర్సు అదే. భయపడిన మనిషిని దగ్గరికి పోయి పట్టుకోవడం అందులోనే వస్తుంది. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గాలితో డైవ్ చేసే కోర్సు) రోజుకి మూడు నాలుగు డైవ్‌లు చేసేవాళ్లకి, ఇంకా లోతుకి పోవడానికి కాదు. డైవ్‌మాస్టర్ ఇదే వృత్తిగా చేసుకుందామనుకునేవాళ్లకి, 18 ఏళ్లు నిండాలి, మొదలుపెట్టడానికే 40 డైవ్‌లు ఉండాలి.

డబ్బు కట్టే ముందు ఫోన్‌లో ఒక్కటి అడగండి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? ఓపెన్ వాటర్‌లో 8 మంది దాకా రూల్ ఒప్పుకుంటుంది, ముగ్గురు నలుగురికి మించితే నేను ఇంకోచోట చూసుకుంటాను.

చివరిగా, పాండిచ్చేరి నుంచి వస్తూ వస్తూ తిరుమల కూడా చూసుకొని వద్దామని ప్లాన్ వేస్తారేమో, డైవ్ చేసిన రోజే కొండెక్కకండి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు, డైవ్ తర్వాత ఒంట్లో మిగిలిన గ్యాస్ ఎత్తుకి పోతే ఇబ్బంది పెడుతుంది కాబట్టి, విమానం ఎక్కే ముందు ఆగమని చెప్పే జాగ్రత్తే దానికీ. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చేసి ఉంటే 18 గంటలు ఆగాలి. దర్శనం టికెట్ ఆ మర్నాడు సాయంత్రానికి వేసుకోండి.