అట్టపెట్టెలు వేరు చేస్తున్నా చెత్త బిల్లు తగ్గట్లేదంటే

మీ బిల్లు బహుశా ట్రిప్పుల లెక్కన పడుతోంది. షాపులు, హోటళ్లు చెత్త ఎత్తే కంపెనీతో చేసుకునే చాలా కాంట్రాక్టుల్లో డబ్బా నిండినా, సగమే ఉన్నా ఎత్తినందుకు ఒకటే రేటు. అట్టపెట్టెలు తీసేశాక డబ్బాలో ఖాళీ పెరిగింది, బండి మాత్రం ఎప్పటిలాగే వస్తోంది.

1. ముందు అట్టపెట్టెలన్నీ విప్పి చదును చేయించండి. లేకపోతే మీరు గాలికి డబ్బు కడుతున్నట్టే.

2. తర్వాత రెండు వారాలు, బండి వచ్చే కాస్త ముందు ప్రతి డబ్బా మూత తీసి ఫోటో తీయండి. అందరూ వదిలేసేది ఇదే. ఏదో ఒక సాయంత్రం తొంగి చూస్తే అసలు లెక్క తెలియదు. పావు, సగం, ముప్పావు అని తేదీతో సహా రాసుకోండి.

3. ఏ డబ్బా సగం దాటట్లేదో దానికి ట్రిప్పులు తగ్గించమనండి, లేదా చిన్న డబ్బా అడగండి. తిండి వ్యర్థాల డబ్బా జోలికి మాత్రం పోకండి, కంపు భరించలేరు.

4. బిల్లులో రీసైక్లింగ్ డబ్బాలో వేరే చెత్త కలిసినందుకు, అధిక బరువుకు విడిగా ఛార్జీ వేశారేమో చూడండి. తడిసిన, నూనె అంటిన అట్టలు రీసైక్లింగ్ డబ్బాలో వేయొద్దు.

5. కాంట్రాక్టు దానంతటదే రెన్యూ అయ్యేదైతే, నోటీసు గడువు (మార్పు కావాలని ముందుగా చెప్పాల్సిన గడువు) లోపే ఆ ఫోటోలు పెట్టి ఈ మార్పులు రాతపూర్వకంగా అడగండి.