కారులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ఇరవై దాటిన ఇద్దరు స్నేహితులు, వాళ్ళతో బయల్దేరిన ఒకమ్మాయి, ఒక పాత కారు. సరుకు మంచిదే. కానీ కారు 41వ పేజీకి గాని కదల్లేదు. పేజీకి సుమారు నిమిషం చొప్పున లెక్కేస్తే నలభై నిమిషాలు ఇంటిపట్టునే గడిచిపోతున్నాయి. 110 పేజీల స్క్రిప్టులో ప్రయాణం 20, 25 పేజీల మధ్య మొదలవ్వాలి. కాలేజీ సీన్లలో చెప్పినవి చాలావరకు దారిలో బయటపడగలవు, అక్కడికి జరుపు.

మజిలీలు పదకొండు పెట్టావు, ఏడు చాలు. మూడోదాన్ని ఆరోదాని చోట పెట్టి చదివి చూడు. కథకు ఏ ఇబ్బందీ రాకపోతే ఆ రెండిట్లో ఒకటి దండగ. ఇలాంటి కథలు చతికిలబడేది ఇక్కడే: ఊళ్ళు మారతాయి, మనుషులు మారరు. సీన్ ఆర్డర్‌లో, అంటే సీన్ల వరుస రాసుకున్న కాగితంలో, ప్రతి మజిలీ పక్కన ఒక్క వాక్యం రాసుకో: ఇక్కణ్ణించి కదిలేటప్పటికి ఎవరికి ఏం తెలిసింది, ఎవరు ఏం దాచారు?

అన్నిటికంటే పెద్ద లోటు, కారులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో నువ్వు రాయనే లేదు. నడిపేవాడు రోడ్డు మీంచి చూపు తిప్పలేడు. వెనక కూర్చున్నవాడికి అద్దంలో కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. మొహాలు ఎదురుబొదురుగా ఉండవు గనకే ఇంట్లో నోరు విప్పనివాళ్ళు కూడా కారులో నిజాలు చెప్పేస్తారు. ఆ అమ్మాయి ముందు సీటు వదిలి వెనక్కి మారిన పూట, ఒక్క డైలాగు లేకుండానే స్నేహం బీటవారిందని తెలియాలి. కారు సీను రెండున్నర పేజీలు దాటుతోందంటే బండి ఆపించు.

కోరిక సంగతి. నువ్వు ఒంటిని వర్ణిస్తూ పోయావు. ఆ పని కెమెరా చూసుకుంటుంది. ఎవరు ఎవర్ని చూస్తున్నారు, ఆ చూపును మూడో మనిషి ఎప్పుడు పట్టేశారు అన్నది మాత్రం నువ్వే రాయాలి. రాత్రి సీనుకు అరపేజీ చాలు. మర్నాడు పొద్దున ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎటు చూడాలో తెలియక కప్పుల్లోకి చూసే సీనుకు మూడు పేజీలు ఇవ్వు. ఆ అమ్మాయి గెలుచుకునే పందెం కాదు. వీళ్ళిద్దరూ లేకపోయినా ఆ దారిన వెళ్ళడానికి ఆమెకు సొంత కారణం ఉండాలి. నీ డ్రాఫ్టులో అదే లేదు.

మెక్సికో సినిమా 'ఇ తు మమా తంబియెన్' (2001) పెద్దలకు మాత్రమే, కానీ నువ్వు తప్పక చూడాలి. దర్శకుడు అల్ఫోన్సో కువారోన్, ఆయన తమ్ముడు కార్లోస్ కలిసి రాశారు. ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్‌కు నామినేట్ అయింది. అందులో వాయిస్ ఓవర్ వచ్చే ముందు మాటలు, ఇంజను చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో కథకుడు, పాత్రలు ఒకరికొకరు ఎన్నటికీ చెప్పుకోని విషయాలు చెబుతాడు. నీ వాయిస్ ఓవర్ తెరమీద కనిపిస్తున్నదాన్నే మళ్ళీ చెబుతోంది. అదంతా కొట్టెయ్.

చివర్లో రైల్వే స్టేషన్ కౌగిలింత కూడా తీసెయ్. కొన్నాళ్ళ తర్వాత ఆ స్నేహితులిద్దరూ అనుకోకుండా కలిసి, మర్యాదగా మాట్లాడుకుని, ఫోన్ నంబర్లు అడగకుండా విడిపోతే ఎలా ఉంటుందో రాసి చూడు.

రెండో డ్రాఫ్ట్ అప్పుడే వద్దు. ముందు ఏడు మజిలీలకూ ముగ్గురి సీట్లూ కాగితం మీద గీసి పంపు.