ఇన్ని ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాలు ఉన్నా పేదపేటల్లోనే జబ్బులు ఎందుకు ఎక్కువ?

టీకాలు, టీబీ, బీపీ అంటూ దేశమంతా ఇన్ని జాతీయ ఆరోగ్య కార్యక్రమాలు నడుస్తున్నా పేదవాళ్లకే జబ్బులెందుకు ఎక్కువ, అసలు వీటివల్ల తేడా ఏమైనా వచ్చిందా అని మీరు అడిగారు. తేడా వచ్చింది, కాకపోతే అన్నిట్లో ఒకేలా రాలేదు. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. మా ఆవిడ ఆశా కార్యకర్త. పగలు నేను చూసేదీ, రాత్రి అన్నాల దగ్గర ఆవిడ చెప్పేదీ కలిపి రాస్తున్నాను.

ముందు బాగా జరిగినవి చెప్పుకోవాలి. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చిలో మనకు పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. చుక్కల మందు బస్టాండుకీ, రైల్వే స్టేషనుకీ, ఇంటి గడపకీ వచ్చింది కాబట్టే అది సాధ్యమైంది. పసిపిల్లల విరేచనాలకు ప్రధాన కారణం రోటావైరస్. దాన్ని అడ్డుకునే టీకా కూడా అంతే. ఒకప్పుడు ప్రైవేటులో డబ్బు పెట్టుకోగలిగినవాళ్ల పిల్లలకే అందేది. 2016లో ప్రభుత్వం ఉచితంగా మొదలుపెట్టినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. ఇవాళ బ్రాడీపేట డాబాలో పుట్టిన బిడ్డకూ, యార్డు వెనక రేకుల షెడ్డులో పుట్టిన బిడ్డకూ అవే చుక్కలు.

పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికే చిక్కంతా.

సీజన్లో మా యార్డులో దగ్గని మనిషి ఉండడు. తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కుకీ మూతికీ కొంగు చుట్టుకుని కూర్చుంటారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కూలీలు తువ్వాలు కట్టుకుంటారు. ఎవరైనా నెల రోజులుగా దగ్గుతున్నా "ఘాటుకేలే" అనేస్తారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించుకోవాలని గోడల మీద రాసే ఉంటుంది. కానీ దగ్గే ఉద్యోగమైన చోట రెండు వారాల లెక్క ఎవరు పెట్టుకుంటారు?

అలా దగ్గుతున్న ఒకావిడ సంగతి ఇంట్లో చెబితే, మా ఆవిడ వెళ్లి ఆస్పత్రికి రమ్మంది. అప్పటికే ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, సిరప్పు అయ్యాయి. "ఈ సీజను పోతే మళ్లీ ఏడాదిదాకా ఇంత కూలి చూడం అక్కా, ఇప్పుడు రాలేను" అందట. ఓపీ నడిచేది పొద్దున. ఆవిడ పనీ పొద్దున్నే. పరీక్ష ఉచితమే, మందులు ఉచితమే, కానీ ఆ పూట కూలి ఎవరిస్తారు? చివరికి మా ఆవిడే మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే కళ్లె అందులో పట్టమని చెప్పి, తనే ల్యాబుకు తీసుకెళ్లింది. టీబీ అని తేలింది. మందు వాడని టీబీ మనిషి ఏడాదిలో దగ్గరగా మెలిగే అయిదు నుంచి పదిహేను మందికి అంటించవచ్చని ఆరోగ్య సంస్థలు చెబుతాయి. గాలి ఆడని షెడ్డులో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునే పని మాది. ఆ ఒక్క డబ్బా ఎంతమందిని కాపాడిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. నివారణ పనికి ఓట్లు రాలకపోవడానికి అదొక కారణమని నా అనుమానం.

బీపీ, షుగరు పరీక్షల్లోనూ ఇదే తంతు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారినీ పరీక్షించాలని నియమం. సిబ్బంది పగలు ఇంటింటికీ తిరుగుతారు. పగలు ఇంట్లో దొరికేది ముసలివాళ్లు, రిటైరైనవాళ్లు. టిక్కీలు మోసే నలభై ఏళ్ల మనిషి దొరకడు, కాగితం మీద "తలుపు తాళం" అవుతాడు. ఒకసారి ఆరోగ్య సిబ్బంది యార్డులో టీ బడ్డీ పక్కనే బల్ల వేసి బీపీ చూశారు. ఎంత చెప్పినా ఆస్పత్రి గుమ్మం తొక్కని మా ముఠా మేస్త్రి, టీ గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపాడు. ఇలాంటి బల్లలు సాయంత్రాలు కూడా పడాలి.

ఇక నీళ్ల సంగతి. 2018 మార్చిలో గుంటూరు పేటల్లో కలుషిత నీళ్లవల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. మురుగు కాలువలోంచి వెళ్లే కుళాయి పైపు పగిలితే టీకా ఏం చేస్తుంది? డబ్బున్నవాళ్లు టిన్ను నీళ్లు కొనుక్కుంటారు, లేనివాళ్లు కుళాయి నీళ్లు తాగుతారు. ఇది మున్సిపల్ ఇంజినీరు చూడాల్సిన పని, కానీ నా లెక్కలో ఆయనా ఆరోగ్య శాఖ మనిషే.

తిండి మాట కూడా చెప్పాలి. టీబీ వచ్చినవాళ్లకు పోషకాహారం కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. ఝార్ఖండ్‌లో కొందరు టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకు కూడా నెలనెలా రేషన్ ఇచ్చి చూశారు. ఇవ్వని ఇళ్లతో పోలిస్తే ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో వెల్లడించారు. కందిపప్పు కూడా నివారణ మందే అన్నమాట. మన దగ్గరా డబ్బుతో ఆపకుండా ఇంటిల్లిపాదికీ సరుకులు ఇస్తే మేలని నాకనిపిస్తుంది. డబ్బు ఖాతాలో పడితే ముందు చీటీ అప్పుకు పోతుంది, అది మాకు కొత్త కాదు.

మా కొట్లో ఇప్పుడు కళ్లె పరీక్షకు వెళ్తే ఆ పూట కూలి కొయ్యరు. యజమాని దగ్గర నేను దయ, ధర్మం మాట ఎత్తలేదు. ఒకరికుంటే షెడ్డంతా అంటుకుంటుంది, సీజను మధ్యలో మనుషులు దొరకరు అన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు.