పైథాన్ బిల్ట్-ఇన్ ఫంక్షన్లన్నీ గుర్తున్నాయి, కానీ ప్రోగ్రామ్ రాయమంటే చేతులు ఆడటం లేదు. ఎలా నేర్చుకోవాలి?

ముందు ఆ బట్టీ పట్టడం ఆపేయండి. పైథాన్‌లో బిల్ట్-ఇన్ ఫంక్షన్లు, అంటే మనం రాయకుండానే సిద్ధంగా దొరికే పనిముట్లు, దాదాపు 70 ఉన్నాయి. మొదటి ఏడాదిలో మీకు పని పడేది ప్రింట్, ఇన్‌పుట్, ఇంట్, లెన్, సమ్, మ్యాక్స్, సార్టెడ్, రేంజ్ లాంటి ఓ డజనుతోనే. మిగతావాటి సంగతి అవసరం పడినప్పుడు హెల్ప్ ఫంక్షన్‌ని అడిగితే చెబుతుంది.

మీకు అసలు చిక్కు లెక్కను ముక్కలు చేసుకోవడంలో ఉంది. విశాఖ మద్దిలపాలెంలో మా ఇంటికి డౌట్లు అడగడానికి వచ్చే డిగ్రీ పిల్లలకు ఒక లెక్క ఇస్తుంటాను. గాజువాక వైపు షేర్ ఆటో నడిపే ఒకాయన రోజువారీ కలెక్షన్ పుస్తకంలో రాసుకుంటాడు. నెలకు మొత్తం ఎంత, ఎక్కువ వచ్చిన రోజు ఎంత, సగటున రోజుకెంత? కంప్యూటర్ ముట్టుకోకముందే దీన్ని కాగితం మీద తెలుగులో రాయిస్తాను: అంకెలు తీసుకో, మొత్తం కూడు, పెద్దది వెతుకు, రోజులతో భాగించు, చూపించు. తర్వాత ఒక్కో వాక్యం పక్కన సరిపడే ఫంక్షన్ పేరు రాయాలి. పేరు దొరకని చోట మీరే ఒక ఫంక్షన్ రాసుకోవాలి. 'ఆటో తీయని రోజుల్ని సగటులో కలపకూడదు' అన్నామనుకోండి. పుస్తకంలో సున్నా ఉంటే బండి తీయలేదనా, తీసినా బేరం లేదనా? అది పైథాన్‌కి తెలీదు, మీరే తేల్చాలి. డిజైన్ అంటే ముప్పావు వంతు ఈ గొడవే.

ఇక్కడే పిల్లలు తరచూ ఇరుక్కునే చోటు ఒకటుంది. ఇన్‌పుట్ ఇచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస. 900, 1050 అని విడివిడిగా టైప్ చేసి, ఇంట్‌తో అంకెలుగా మార్చకుండా మ్యాక్స్‌కి ఇస్తే 900 పెద్దదంటుంది, ఎందుకంటే మొదటి అక్షరాలు 9, 1 పోల్చి అక్కడే తీర్పు చెప్పేస్తుంది. అదే సమ్‌కి ఇస్తే వెంటనే ఎర్రర్ కొడుతుంది. నన్నడిగితే ఎర్రర్ కొట్టేదే నయం. మ్యాక్స్ చడీచప్పుడు లేకుండా తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది.

అందుకే మ్యాక్స్ లాంటిదాన్ని ఒక్కసారైనా ఫర్ లూప్‌తో (లిస్ట్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసుకునే పద్ధతి) సొంతంగా రాసి చూడండి. ఖాళీ లిస్ట్ వస్తే ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడే తడుతుంది. అసలు మ్యాక్స్ అయితే అక్కడ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. ఒకసారి రాశాక మాత్రం బిల్ట్-ఇన్‌నే వాడుకోండి, పంతానికి పోవద్దు.

ఇంకొకటి, లెక్క చేసే ఫంక్షన్ లోపల ప్రింట్ పెట్టకండి. జవాబుని రిటర్న్ చేయించి, అంటే పిలిచిన చోటికి తిరిగి ఇప్పించి, చూపించే పని బయట పెట్టుకోండి. సగటు కట్టే ఫంక్షన్ ప్రింట్ మాత్రమే చేస్తే, ఆ జవాబుని ఇంకో లెక్కలో వాడబోయినప్పుడు చేతికి None (ఏమీ లేదని అర్థం) వచ్చి, టైప్ ఎర్రర్ కొడుతుంది.

సగటుని రౌండ్ చేసేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. పైథాన్ 3లో 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తుంది, 3.5కి 4 వస్తుంది. సరిగ్గా మధ్యలో ఉంటే సరిసంఖ్య వైపు పోతుంది. స్కూల్లో నేర్చుకున్న పద్ధతికి ఇది వేరు కాబట్టి, అక్కడ తేడా వస్తే మీ కోడ్ తప్పేమోనని టెన్షన్ పడొద్దు.