పిల్లలు కావాలి.. ఏ వాల్వు వేయించుకోవాలి?

ప్రశ్న: నా వయసు 28. పెళ్లయి రెండేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండెలో మైట్రల్ వాల్వు దెబ్బతింది. ఇప్పుడు ఒక అంతస్తు మెట్లెక్కినా ఆయాసమే. వాల్వు దారి సన్నబడింది, లీకు కూడా ఎక్కువగా ఉంది, మార్చాల్సిందే అన్నారు. మెకానికల్ వాల్వు అయితే ఒకేసారి పని అయిపోతుందని మావారి మాట. టిష్యూ వాల్వు వేయించుకుంటే మళ్లీ ఆపరేషన్ తప్పదట. ఏది మంచిది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మీ సర్జన్‌ను ఒక మాట అడగండి: ఈ వాల్వును రిపేరు చేయడం కుదరదా? రుమాటిక్ జబ్బులో రెక్కలు గట్టిపడి ముడుచుకుపోతాయి కాబట్టి చాలామందిలో కుదరదు. కుదిరితే మాత్రం సొంత వాల్వును మించింది లేదు.

మార్చక తప్పదంటే, మీ విషయంలో తేల్చాల్సింది వాల్వు ఎన్నేళ్లు ఉంటుందన్నది కాదు, గర్భం సంగతి. మెకానికల్ వాల్వు గట్టి కార్బన్‌తో చేసింది, దశాబ్దాల పాటు అరగదు. మీవారు చెప్పింది అంతవరకు నిజమే. కానీ దాని మీద రక్తం గడ్డ కడుతుంది. అందుకే రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి మాత్ర జీవితాంతం రోజూ వేసుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ, మైట్రల్ వాల్వుకైతే సాధారణంగా అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా చూసుకోవాలి. రోజూ మాత్ర వేసుకోవాల్సి వస్తే అది ఒకేసారి అయిపోయినట్టు ఎలా అవుతుంది?

ఈ మాత్ర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య వాడితే బిడ్డ ముక్కు, ఎముకలు సరిగా ఎదగకపోవచ్చు. గర్భస్రావం భయమూ ఉంది. మాత్రకు బదులుగా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు బిడ్డను చేరవు గానీ, మోతాదు కాస్త తగ్గినా వాల్వు మీద గడ్డకట్టి తల్లి ప్రాణం మీదికి వస్తుంది. మెకానికల్ వాల్వుతో బిడ్డల్ని కన్న తల్లులు లేకపోలేదు. అయితే ఆ తొమ్మిది నెలలూ కత్తి మీద సామే.

టిష్యూ వాల్వును ఆవు గుండె పైపొరతోనో, పంది వాల్వుతోనో చేస్తారు. మొదటి 3 నుంచి 6 నెలలు రక్తం పలచబరిచే మందు వాడి, గుండె లయ సరిగా ఉంటే ఆపేయొచ్చు. ఆ తర్వాత గర్భం చాలా తేలికవుతుంది. చిక్కల్లా మీ వయసుతోనే. డెబ్బై ఏళ్లవారిలో నిదానంగా అరిగే ఈ వాల్వు చిన్న వయసులో త్వరగా పాడవుతుంది. పదేళ్లకో, ఇంకా ముందో రెండో ఆపరేషన్‌కు సిద్ధపడాలి. మొదటిదానికంటే దానిలో రిస్కు ఎక్కువ.

ఇదంతా తెలిసీ మీకు టిష్యూ వాల్వు వైపే మొగ్గమంటాను. ఆ కొన్నేళ్లలో పిల్లల్ని కని, రెండోసారి మార్చేటప్పుడు మెకానికల్ వాల్వు పెట్టించుకోవచ్చు. ఒక్క విషయం దీన్ని తారుమారు చేయగలదు. మీ ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం ఉందా? ఉంటే ఏ వాల్వు పెట్టినా రక్తం పలచబరిచే మందు తప్పకపోవచ్చు, టిష్యూ వాల్వుతో వచ్చే లాభం తగ్గిపోతుంది. ఆ ఈసీజీ తీసుకెళ్లి సర్జన్‌తో, గైనకాలజిస్టుతో ఇద్దరితోనూ మాట్లాడండి. మీవారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

ఆపరేషన్ అయ్యేదాకా గర్భం రాకుండా చూసుకోండి. గర్భిణిలో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, సన్నబడిన వాల్వు ఆ భారాన్ని తట్టుకోలేదు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు గడ్డలకు దారితీస్తాయి, వాటిని సొంతంగా వాడొద్దు.

కొత్త వాల్వు వచ్చాక పెన్సిలిన్ ఇంజెక్షన్లు అక్కర్లేదనుకుని చాలామంది మానేస్తారు. మీరు మానకండి, రుమాటిక్ జ్వరం మళ్లీ వస్తే మిగతా వాల్వులూ దెబ్బతింటాయి. పన్ను పీకించుకునే ముందు మీకు కృత్రిమ వాల్వు ఉందని డెంటిస్టుకు చెప్పి, యాంటీబయాటిక్ వేసుకున్నాకే కుర్చీలో కూర్చోండి.